కండె అందమా, కాటా తూకమా? : మొక్కజొన్న రైతు సంఘాల తొలినాళ్లు



మనం మొక్కజొన్న అంటాం, తెలంగాణలో మక్కలంటారు. కర్ణాటకలో మెక్కెజోళ, తమిళనాట మక్కాచోళం, మహారాష్ట్రలో మకా. పేరు ఏదైనా, ఈ పంటకు పుట్టిల్లు అమెరికా ఖండమే. మంచి విత్తనం కోసం అక్కడి రైతులు వందేళ్ల కిందట సంఘాలు కట్టిన కథ ఈ రోజు చెప్పుకుందాం.

అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రానికి 1846లో రాబర్ట్ రీడ్ అనే రైతు వలస వచ్చాడు. తనతో తెచ్చుకున్న విత్తనం 1847లో సరిగా మొలవలేదు. ఖాళీ పడ్డ చోట్ల స్థానిక పసుపు మొక్కజొన్న గింజలు పెట్టాడు. రెండూ కలిసి సంకరమయ్యాయి. ఆయన కొడుకు జేమ్స్ రీడ్ ఏళ్ల తరబడి కండెలు ఏరి, ఆ రకాన్ని మెరుగుపరిచాడు. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో దానికి బహుమతి వచ్చింది.

అక్కడి నుంచి మంచి విత్తనం మీద రైతులకు ఆసక్తి పెరిగింది. 1900లో ఇలినాయ్‌లో విత్తన రైతులు సంఘంగా ఏర్పడ్డారు. వారికి అండగా నిలిచిన ఆచార్యుడు పెర్రీ హోల్డెన్ 1902లో పొరుగున ఉన్న అయోవా రాష్ట్రానికి వెళ్లాడు. అక్కడా రైతు సంఘం పని సాగింది. 1904లో రైలు పెట్టెల్లోనే ఉపన్యాసాలు ఏర్పాటు చేసి, స్టేషను స్టేషనుకూ తిరిగారు. రైతులు రైలు దగ్గరికే వచ్చి విని వెళ్లేవారు.

ఆయన చెప్పిన పాఠాల్లో ముఖ్యమైనది మొలక పరీక్ష. ఒక్కొక్క కండె నుంచి, వేర్వేరు చోట్ల, ఆరు గింజలు తీయాలి. గళ్లు గీసిన పెట్టెలో తడి రంపపు పొట్టు వేసి, ఒక్కో గడిలో ఒక్కో కండె గింజలు పెట్టాలి. మొలక రాని గడి నంబరు చూసి, ఆ కండెను పక్కన పెట్టాలి. దీనికి ఖర్చు లేదు, కాస్త ఓపిక చాలు.

దీనితోపాటే కండెల పోటీలూ మొదలయ్యాయి. పొడవు ఎంత, వరుసలు తిన్నగా ఉన్నాయా, కొస వరకూ గింజ నిండిందా అని మార్కులు వేసేవారు. చూడముచ్చటగా ఉన్న కండే గొప్ప విత్తనమని నమ్మకం.

హెన్రీ వాలెస్ అనే కుర్రవాడు మాత్రం దీన్ని నమ్మలేదు. పదహారేళ్లకే ఆ బహుమతి కండెల గింజలను విడివిడిగా విత్తి, పండిన పంటను తూచాడు. అందగత్తెలనిపించుకున్న కండెల్లో కొన్ని దిగుబడిలో వెనకబడ్డాయి! పోటీలు ఎన్ని జరిగినా, 1860ల నుంచి 1930ల దాకా ఆ దేశపు సగటు దిగుబడి ఎకరాకు 26 బుషెళ్ల దగ్గరే, అంటే మన లెక్కలో ఆరున్నర క్వింటాళ్ల చుట్టూనే తిరిగింది.

చివరకు సంఘాలు దారి మార్చుకున్నాయి. 1920లో అయోవాలో దిగుబడి పోటీ మొదలైంది. ఎవరి విత్తనమైనా పక్కపక్కనే వేసి, కాటా మీద తూచి తీర్పు చెప్పారు. 1924లో వాలెస్ సంకర రకానికి బంగారు పతకం దక్కింది. 1926లో ఆయన విత్తన కంపెనీ పెట్టాడు. తర్వాత ఆ దేశానికి ఉపాధ్యక్షుడూ అయ్యాడు.

సంకర విత్తనాలతో దిగుబడి పెరిగింది. కానీ ఆ పంట గింజనే మళ్లీ విత్తితే అదే ఫలితం రాదు. ఏటా కొనాల్సిందే. ఇంటి అటక మీది విత్తనం అంగడికి చేరింది. లాభంతో పాటు రైతుకు వచ్చిన కొత్త బాధ్యత ఇది.

మన దేశంలో 1957లో సమన్వయ పరిశోధన మొదలై, 1961లో తొలి సంకర రకాలు వచ్చాయి. వాటిలో దక్కన్ రకం ఒకటి.

సంచి మీది బొమ్మ చూసి మోసపోకండి. విత్తే ముందు వంద గింజలు తడిగుడ్డలో చుట్టి మొలక చూడండి. రశీదు దాచుకోండి. ఊళ్లో నలుగురు కలిసి రెండు మూడు రకాలు పక్కపక్కనే వేసి, తూచి చూడండి. సంఘం అంటే చివరకు అదే: ఒకరి మాట నమ్మడం కాదు, అందరూ కలిసి తూచుకోవడం.