పోటీ పండుగైన తీరు

పాటకు పోటీ పెట్టినచో గెలిచినవారికి గర్వము, ఓడినవారికి కినుక మిగులుననుట లోకానుభవము. ఈ మాటను తప్పని చూపిన ఒక పండుగను గూర్చి నేడు ముచ్చటింతము.

ఇంగ్లండు ఉత్తరభాగమున, వెస్ట్‌మోర్లండు సీమలో కెండల్ అను చిన్న పట్టణము కలదు. 1885లో మేరీ వేక్‌ఫీల్డు అను గాయని ఆ చెంతనే పల్లెవాసులకు చిన్న పాటల పోటీ నడిపెను. వేదిక రంగస్థలము కాదు; ఒక యింటి టెన్నిసు ఆటస్థలము. పాడినవారు సంగీతము వృత్తిగా గలవారును కారు.

రానురాను పాల్గొను పల్లెలు పెరిగినవి. అయితే కీలకమంతయు ఆమె చేసిన ఏర్పాటులో నున్నది. ప్రతి బృందమును పోటీపాటలతోపాటు ఒక పెద్ద కృతిని గూడ తన ఊరిలోనే ముందుగా అభ్యసింపవలసియుండెను. అంతవరకు పోటీపడినవారే, పిదప వాద్యబృందముతో గూడి, ఒక్క గొంతుకగా దానిని పాడుచుండిరి. ప్రత్యర్థియైనవాడే ప్రక్కన నిలిచి శ్రుతి కలుపుచుండెను.

1910లో ఆమె గతించునాటికి ఇట్టి సంగీతోత్సవములు ఇంగ్లండున పెక్కుచోట్ల నెలకొనెను.

బహుమతి ఒక్కరిది, పాట పదుగురిది. మన వీథిలో పిల్లలకు పాటలపోటీ పెట్టునపుడు, తీర్పు చదివిన పిమ్మట అందరిచేత ఒక్క పాట పాడించి చూడుడు. ఓడిన పిల్లవాడును పాడుకొనుచు ఇంటికి పోవును.