పాత రైఫిలుకూ ఉంది సర్వీసు రిజిస్టరు



1806లో కంటోన్మెంటు వెలసిన మన సికింద్రాబాదులో త్రీ నాట్ త్రీ రైఫిలు పేరు విననివారుండరు. కాలేజీ ఎన్.సి.సి.లో దాన్ని మోసినవారూ మనలో ఉన్నారు.

మన సర్వీసు రిజిస్టరులాగే దాని చరిత్ర దాని ఒంటిమీదే ఉంటుంది. బోల్టు పిడి దిగువన, కుడివైపు ఇనుము మీద కిరీటం, జి.ఆర్.ఐ. అక్షరాలు, ఇషాపూర్ పేరు, సంవత్సరం ఉంటే, అది జార్జి చక్రవర్తుల కాలంలో బెంగాలులో తయారైనది. కిరీటానికి బదులు అశోకుని సింహాలుంటే రిపబ్లిక్ వచ్చాక తయారైనది. బోల్టు నెంబరు, బాడీ నెంబరు కలవకపోతే మధ్యలో బోల్టు మారిందన్నమాట. తుప్పు వదిలిద్దామని గీకితే ఈ గుర్తులన్నీ పోతాయి.

అయితే ఇది నిషిద్ధ బోరు. ముచ్చటపడి ఇంట్లో పెట్టుకునేది కాదు. పెద్దలు పోయాక పాత పెట్టెలో ఏ తుపాకీ బయటపడినా పిల్లలు దాచకూడదు, అమ్మకూడదు. లోపల తూటా ఉండవచ్చు కనుక కదిలించకుండా పోలీసు స్టేషనుకు తెలియజేసి, 1959 ఆయుధాల చట్టం ప్రకారం అప్పగించి రసీదు తీసుకోవాలి. లైసెన్సు తుపాకీ ఉన్నవారు ఆ కాగితాలెక్కడున్నాయో పెన్షను పుస్తకంతోపాటు ఈరోజే ఇంట్లో చూపించండి. మన తరువాత మనవాళ్లు స్టేషన్ల చుట్టూ తిరగకూడదు కదా!

పాత ఆయుధాలు చూడాలనే సరదా తీర్చుకోవడానికి సాలార్‌జంగ్ మ్యూజియం ఉండనే ఉంది.