మలబద్ధకం - మెగ్నీషియం మందులు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కురబలకోటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చే భిక్ష కాదని, మనం చేసిన సేవకు దక్కే హక్కని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ రోజునే మనం ఏటా పండుగ చేసుకుంటున్నాము. హక్కుల సంగతి నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. ఆ పెన్షను అనుభవించటానికి ఒళ్ళు బాగుండాలి కదా, ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను డాక్టరును కాను, గుమాస్తాను. చదివి, వైద్యులను అడిగి తెలుసుకున్నది ఫైలులో నోటు పెట్టినట్లు మీ ముందు పెడుతున్నాను.

విషయం మలబద్ధకం. నవ్వకండి. బి.పి., షుగరు గురించి రచ్చబండ మీద అందరం చెప్పుకుంటాము. దీన్ని గురించి మాత్రం డాక్టరు ఎదుట కూడా నోరు విప్పము. మందుల షాపులో గుసగుసగా అడిగి, ఏది ఇస్తే అది తెచ్చుకుంటాము. ఈ మధ్య బెంగుళూరులోను, అమెరికాలోను ఉన్న పిల్లలు మెగ్నీషియం మాత్రల డబ్బాలు పంపుతున్నారు. మన సభ్యుడొకాయన అటువంటి డబ్బా తెచ్చి, "ఏమప్పా, ఇది మందా, టానిక్కా? దినామూ మింగొచ్చునా?" అని అడిగారు. అది ఆయన ఒక్కడి ప్రశ్న కాదు గనుక జవాబు ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా ఒక అపోహ. రోజూ విరేచనం కాకపోతే జబ్బే అని చాలామంది దిగులు పడతారు. అది నిజం కాదు. వారానికి మూడుసార్లకంటె తక్కువగా అవటం, గట్టిపడి ముక్కవలసి రావటం, అయినా ఇంకా మిగిలి ఉన్నట్లు అనిపించటం, వీటిని మలబద్ధకం అంటారు. మన వయసులో దీనికి కారణాలు చాలా ఉన్నాయి. పళ్ళు ఊడి, కూరగాయలు నమలలేక మెత్తటి అన్నంతో సరిపెట్టుకుంటాము. రాత్రి లేవవలసి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్ళు తాగము. నడక తగ్గుతుంది. వీటికి తోడు మనం వేసుకునే మందులు. ఐరను మాత్రలు, కాల్షియం మాత్రలు, బి.పి. మందుల్లో కొన్ని, కోడీను, ట్రమడాలు వంటి నొప్పి మందులు పేగుల్ని మందగింపజేస్తాయి. థైరాయిడు తగ్గినా ఇదే బాధ. కాబట్టి కొత్త మందు కొనేముందు పాత మందుల చీటీ డాక్టరుకు చూపించాలి.

ఇక మెగ్నీషియం. పేరు కొత్తగా వినిపించినా ఇది మనకు పాత చుట్టమే. చిన్నప్పుడు మన పెద్దలు నీళ్ళలో కలిపి తాగించిన చేదు భేదిఉప్పు మెగ్నీషియం సల్ఫేటే. ఇంగ్లండులో ఎప్సం అనే ఊరి చేదునీటి ఊట 17వ శతాబ్దంలో పేరుపొందింది. 1695లో నెహమయా గ్రూ అనే వైద్యుడు ఆ ఉప్పు మీద పుస్తకమే రాశాడు. తెల్లగా పాలలాగా ఉండే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా 1873లో చార్లెస్ ఫిలిప్స్ అనే మందుల తయారీదారు తెచ్చినది. అది మెగ్నీషియం హైడ్రాక్సైడు. ఇప్పటి డబ్బాల్లో ఆక్సైడు, సిట్రేటు, గ్లైసినేటు అని రకరకాలుగా వస్తున్నాయి.

ఇది పనిచేసే తీరు చాలా సులభం. మింగిన మెగ్నీషియంలో కొంత మాత్రమే రక్తంలోకి పోతుంది. మిగిలినది పేగులో నిలిచి నీటిని తన వైపు లాక్కుంటుంది. ఆ నీటితో మలం మెత్తబడి, పేగు కదిలి, సుఖవిరేచనం అవుతుంది. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా అరగంట మొదలు ఆరు గంటల లోపల పనిచేస్తుంది. నీటి మీద ఆధారపడిన మందు గనుక దానితో నిండు గ్లాసు నీళ్ళు తాగాలి. గ్లైసినేటు రకం రక్తంలోకి బాగా పోతుంది గనుక విరేచనానికి అంతగా పనికిరాదు. 2023లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘాలు దీర్ఘకాల మలబద్ధకానికి మెగ్నీషియం ఆక్సైడును సూచించదగిన మందుల్లో చేర్చాయి. అంటే ఇది నాటుమాట కాదు, మందే. మందు గనుకనే మందుకుండే భయభక్తులు దీనికీ ఉండాలి.

ఇక్కడే అసలు సంగతి. ఆఫీసులో ఇన్‌వర్డు ఎంత వచ్చినా డిస్పాచి సరిగా నడిస్తే చిక్కు లేదు. రక్తంలోకి చేరిన మెగ్నీషియాన్ని బయటికి పంపే డిస్పాచి సెక్షను మన మూత్రపిండాలు. అవి బాగున్నవారికి ఎక్కువైతే సాధారణంగా నీళ్ళ విరేచనాలవుతాయి. అవి చెడినవారికి మెగ్నీషియం రక్తంలోనే పేరుకుంటుంది. వికారం, మగత, కండరాల నీరసం, బి.పి. పడిపోవటం, నాడి నెమ్మదించటం, చివరకు ఊపిరికే ముప్పు. ఆ మగతను ఇంట్లోవాళ్ళు "వయసైపోయింది, నిద్రపోతున్నాడు" అనుకుంటారు. జపానులో వృద్ధులు ఎక్కువ, అక్కడ ఈ మెగ్నీషియం ఆక్సైడు వాడకమూ ఎక్కువ. ప్రాణాపాయాలు బయటపడటంతో అక్కడి ప్రభుత్వ యంత్రాంగం 2008లోను, తిరిగి 2015లోను హెచ్చరికలు జారీ చేయవలసి వచ్చింది.

మూత్రపిండాలు చెడుతున్నట్లు ముందుగా తెలియదు. ఏళ్ళ తరబడి షుగరు, బి.పి. ఉన్నవారికి నొప్పి లేకుండానే చెడతాయి. అందుచేత మెగ్నీషియం మొదలు పెట్టేముందు రక్తంలో క్రియాటినిను పరీక్ష చేయించండి. కండ తగ్గిన ముసలివారిలో ఆ అంకె బాగున్నట్లే కనిపించవచ్చు. కాబట్టి వయసుతో కలిపి లెక్కగట్టే ఇ.జి.ఎఫ్.ఆర్. ఎంత అని డాక్టరును అడగండి. అది 30 కంటె తక్కువైతే ఈ మందు జోలికి పోకూడదు. అంతకు పైన ఉన్నా, తగ్గుముఖంలో ఉంటే డాక్టరు చెబితేనే వాడాలి. వారికి లాక్టులోజు వంటి వేరే మందులున్నాయి.

మరొక జాగ్రత్త. మెగ్నీషియం ఇతర మందుల్ని పట్టుకుని ఒంటికి పట్టనీయదు. థైరాయిడు మాత్రకు, దీనికి నాలుగు గంటల ఎడం ఉండాలి. సిప్రోఫ్లాక్సాసిను, డాక్సీసైక్లిను వంటి యాంటీబయాటిక్కులు, ఎముకల బలానికిచ్చే అలెండ్రోనేటు, ఐరను మాత్రలు కూడా దీనితో కలిపి మింగరాదు.

మందుకు ముందు పళ్ళెం చూసుకుందాము. మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతానికి రాగి సంగటి పుట్టింటి ఆస్తి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో మెగ్నీషియం సుమారు 146 మిల్లీగ్రాములు, పీచు 11 గ్రాములు. తెల్ల బియ్యంలో మెగ్నీషియం 19 మిల్లీగ్రాములు, పీచు 3 గ్రాముల లోపే. ఉద్యోగాలు రాగానే సంగటి పల్లెటూరి తిండని వదిలి, వరి అన్నానికి మారినవాళ్ళం మనం. ఉలవలు, అనపగింజలు, చెనిక్కాయలు, ఆకుకూరలు కూడా ఈ పనికి వచ్చేవే. పీచు పెంచేటప్పుడు కొంచెం కొంచెంగా పెంచి, నీళ్ళూ పెంచాలి. గుండె, మూత్రపిండాల జబ్బు వల్ల నీళ్ళు తగ్గించమన్నవారు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. ఉదయం కాఫీ తర్వాత తొందర లేకుండా కూర్చోవటం, వచ్చినప్పుడు ఆపుకోకుండా ఉండటం కూడా ముఖ్యం. కుర్చీ వదలటానికి వీల్లేక ఆపుకున్న అలవాటు మనలో చాలామందికి సర్వీసు రిజిస్టరు మూసినా పోలేదు.

చివరిగా, కొన్ని గుర్తులు కనిపిస్తే ఏ విరేచనం మందూ వేసుకోకుండా ఆసుపత్రికి వెళ్ళండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గటం, ఇన్నాళ్ళూ లేనిది కొత్తగా అలవాటు మారటం ఉపేక్షించరాదు. పొట్ట ఉబ్బి, నొప్పితో వాంతులవుతూ గాలి కూడా పోకపోతే అదే రోజు వెళ్ళాలి. అది పేగు అడ్డం పడటం కావచ్చు.

మన సభ్యుడి ప్రశ్నకు జవాబు ఇది. డబ్బా మంచిదే, కాని టానిక్కు కాదు. ముందు క్రియాటినిను పరీక్ష, తర్వాత డాక్టరు సలహా, ఆ తర్వాతే మాత్ర. ఒకరికి కుదిరిన సీసా ఇంకొకరికి అప్పు ఇవ్వకండి. ఈ మాట ఇంటి దగ్గర అమ్మలకు, అక్కలకు కూడా చెప్పండి. వాళ్ళు మనకంటె ఎక్కువ దాచుకుంటారు.