ముదిమిలో నడుము నొప్పి
(కాచిగూడలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీలో పలువురు ఈ ఉదయము కాచిగూడ స్టేషనులో రైలు దిగియుందురు. కొడుకు భుజము పట్టుకొని నడచు వృద్ధులను అచ్చట చూచియుందురు. అడిగినచో "నడుము నొప్పి, వయస్సు మీదపడినది గదా" యందురు. చాలమంది విషయమున అది నిజమే. నిజము కాని కొద్దిమందిని గూర్చియే నేడు నా మాట.

ఎముకల మూలుగలో ప్లాస్మా కణములు కలవు. రోగక్రిములను ఎదుర్కొను పదార్థములను తయారుచేయుట వాని పని. ఇవి అదుపు తప్పి పెరిగి ఒకేచోట గడ్డగా నిలిచినచో ప్లాస్మసైటోమా యందురు. మూలుగ అంతట వ్యాపించినచో మల్టిపుల్ మైలోమా యందురు. ఇది అరుదైన వ్యాధి; ఎక్కువగా అరువదేండ్లు దాటినవారికి వచ్చును. అంటువ్యాధి కాదు.

వారములు గడచినను తగ్గక, కదలినచో హెచ్చు వెన్ను నొప్పి, రక్తహీనత, మాటిమాటికి జ్వరము, చిన్న దెబ్బకే ఎముక విరుగుట దీని గుర్తులు. ఇట్టివారికి మన గ్రామములలో మర్దనము చేయింతురు, దుకాణమునుండి నొప్పి బిళ్ళలు తెత్తురు. రెండును కీడే. గుల్లబారిన ఎముక మర్దనకు విరుగవచ్చును. ఈ వ్యాధిచే దెబ్బతిన్న మూత్రపిండములను ఆ బిళ్ళలు మరింత చెరచును.

మొదట ఎక్స్‌రే తీయించి, రక్తములో హిమోగ్లోబిన్, కాల్షియం, క్రియాటినిన్ చూపవలెను. అనుమానము కలిగినచో ఎలెక్ట్రోఫోరెసిస్ అను పరీక్షయు, తుంటి ఎముకనుండి తీసిన మూలుగ పరీక్షయు జరుపుదురు. 1845లో లండనులో ఒక కిరాణా వర్తకుని మూత్రమున హెన్రీ బెన్స్ జోన్స్ అను వైద్యుడు, కాచినప్పుడు కరగి చల్లారినప్పుడు మరల పేరుకొను వింత మాంసకృత్తును గమనించెను. అది నేటికిని ఆయన పేరనే చెలామణి యగుచున్నది. సాధారణ మూత్రపరీక్ష పట్టీకి అది తరచు చిక్కదు. పట్టీ బాగున్నదని ఊరకుండరాదు.

ఒకే గడ్డయైనచో కొన్ని వారముల రేడియేషన్‌తో పలువురికి అణగిపోవును. అయితే ఎముకలో పుట్టిన గడ్డ ఏండ్ల తరువాత మైలోమాగా మారవచ్చును గనుక పరీక్షలు మానరాదు. మైలోమాకు పూర్తి నివారణ అరుదు; మందులు మాత్రము కలవు. గర్భస్థ శిశువులకు అంగవైకల్యము కలిగించినందున 1961లో విపణినుండి తొలగింపబడిన థాలిడోమైడ్, 1999లో ఈ వ్యాధికి పనిచేయునని తేలినది. ఇంటి గర్భిణులకు అది అందనీయరాదు. తరువాత బోర్టెజోమిబ్, లెనాలిడోమైడ్ వచ్చినవి.

1955లో నెలకొల్పిన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి రెడ్ హిల్స్‌లో, కాచిగూడకు కొద్ది మైళ్ళలోనే యున్నది. పోవునప్పుడు ఆరోగ్యశ్రీకి కావలసిన కార్డు, పాత ఎక్స్‌రేలు వెంట నుంచుకొనవలెను. మీ గ్రామమున నెల దాటి నడుము నొప్పితో నున్న వృద్ధులెవరో ఆశా కార్యకర్తను అడిగి తెలిసికొనుడు. వారిలో నెవరికైన కాళ్ళు పట్టు తప్పినను, మూత్రము బిగిసినను వెన్నుపాము నొక్కబడినదేమో యని శంకింపవలెను. అప్పుడు తెల్లవారువరకు ఆగక, ఆ రాత్రియే 108కి ఫోను చేయుడు.