మూత్రాశయ కణితి: జన్యువు దాకా వెళ్లే ముందు

ఓరుగల్లు కాకతీయుల వంశంవాడైన అన్నమదేవుడు రాజ్యం స్థాపించిన బస్తర్ నేల ఇది. కోంటా, భోపాలపట్నం వైపు నేటికీ తెలుగు వినిపిస్తుంది. జగదల్‌పూర్‌లో తెలుగులో వైద్యం మాట్లాడుకునే ఈ సదస్సుకు నన్ను అధ్యక్షుణ్ణి చేసినందుకు కృతజ్ఞుణ్ణి.

మూత్రాశయ కణితి చరిత్రలో తెలుగువారి వాటా చిన్నది కాదు. ఉస్మానియాలో చదివిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, మరియానో బార్బాసిడ్ తదితరులు 1982లో టి24 అనే మూత్రాశయ క్యాన్సర్ కణాల మీద పనిచేసి, హెచ్‌రాస్ జన్యువులో ఒకే ఒక్క బేస్ మారిందని తేల్చారు. ఆ మార్పుతో ప్రొటీన్‌లో 12వ అమైనో ఆమ్లం గ్లైసిన్ పోయి వాలిన్ వచ్చింది. అదే ఏడాది వైన్‌బర్గ్, విగ్లర్ బృందాలూ ఇదే చూపాయి. మామూలు రాస్ ప్రొటీన్ జీటీపీని విడగొట్టి తన సంకేతాన్ని తానే ఆపుకుంటుంది. మారిన ప్రొటీన్‌కు ఆ ఆపుకోవడం చేతకాదు.

తర్వాతి పరిశోధనల్లో ఈ కణితి పెరిగే దారులు స్థూలంగా రెండని తేలింది. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువు మారిన కణితులు ఎక్కువగా లోపలి పొరలో కుచ్చులా పెరుగుతాయి; తీసేసినా మళ్లీ వస్తాయి గానీ కండరంలోకి దిగడం తక్కువ. టీపీ53, ఆర్‌బీ1 దెబ్బతిన్నవి కండరాన్ని చీల్చుకుపోతాయి. 9వ క్రోమోజోమ్‌లో భాగాలు పోవడం రెండు దారుల్లోనూ కనిపిస్తుంది. ఈ విభజన పుస్తకాలకే పరిమితం కాలేదు. ఎఫ్‌జీఎఫ్‌ఆర్ మార్పులున్న ముదిరిన క్యాన్సర్‌కు ఎర్డాఫిటినిబ్ మాత్రను అమెరికా 2019లో ఆమోదించింది.

అయితే జన్యువు ఊరికే మారదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రంగుల కర్మాగారాల కార్మికులకు ఈ జబ్బు వస్తోందని లుడ్విగ్ రెన్ 1895లోనే చెప్పాడు. ఆ రంగుల పనిలో ఉన్న ఆరోమాటిక్ అమీన్లే పొగాకు పొగలోనూ ఉన్నాయి. కాలేయంలోని న్యాట్2 ఎంజైమ్ మందంగా పనిచేసేవారిలో వాటి విషం సరిగా విరగదు. ఏటా వేసవిలో బస్తర్ అడవుల నుంచి కల్లాలకు చేరే తునికాకు బీడీగా మారి పొగాకును మోస్తుంది. కోసే చేతులకు కూలి ఇచ్చే ఆకే తాగేవాడికి జబ్బు తెస్తోంది. ఈ చిక్కును వైద్యులం ఒంటరిగా విప్పలేం, కానీ దాచనూ కూడదు.

నేను కోరేవి మూడు. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం కనిపిస్తే, ఒకసారి ఆగిపోయినా సరే, సిస్టోస్కోపీకి పంపండి. కేసు షీటులో ఏం తాగుతాడో, ఏ పని చేస్తాడో రాయండి. కణితి ముక్క తీసేటప్పుడు అడుగున కండరం కూడా వచ్చేలా తీసి, ఫార్మలిన్‌లో సరిగ్గా భద్రపరచండి. కండరం లేని ముక్కతో జబ్బు దశ తేలదు; పాడైన ముక్కలో జన్యువూ చదవలేం. సీక్వెన్సింగ్ యంత్రం నగరంలో ఉండొచ్చు. దానికి పనికొచ్చే ముక్క, చరిత్ర మాత్రం ఇక్కడి ఆపరేషన్ టేబుల్ నుంచే వెళ్లాలి.