వెదురు నుంచి జామాయిల్ దాకా

కాగితం తయారీకి ముందుగా కావలసింది పీచు. పైన్ వంటి మెత్తటి కలప తక్కువగా ఉన్న భారతదేశం ఆ పీచును వెదురులో వెతుక్కుంది. వెదురు గుజ్జుతో మంచి కాగితం తయారవుతుందని డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో జరిగిన ప్రయోగాలు తేల్చాయి. 1925లో వచ్చిన రక్షణ చట్టం దిగుమతి సుంకంతో దేశీయ మిల్లులకు అండగా నిలిచింది. నిజాం రాజ్యంలో సిర్పూర్ మిల్లు వెలిసింది. దాని చుట్టూ పెరిగిన ఊరు కాగజ్‌నగర్ అయింది. మధ్యప్రదేశ్‌లోని నేపానగర్ న్యూస్‌ప్రింట్ మిల్లును నెహ్రూ 1956లో ప్రారంభించారు.

మిల్లులో కలపను చిన్న ముక్కలుగా కొట్టి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్‌లతో కలిపి పెద్ద పాత్రల్లో ఆవిరి వేడిమీద ఉడికిస్తారు. పీచును పట్టి ఉంచే లిగ్నిన్ కరిగి నల్లటి ద్రావణంగా వేరుపడుతుంది. దాన్ని చిక్కబరిచి బాయిలర్‌లో మండిస్తే ఆవిరి, కరెంటు వస్తాయి. రసాయనాలు తిరిగి చేతికందుతాయి. ఈ ఏర్పాటుకు పెట్టుబడి ఎక్కువ. అది లేని చిన్న మిల్లుల వ్యర్థాలు వాగులను, నదులను పాడుచేస్తాయి.

అడవుల్లో వెదురు తరిగిపోవడంతో, పరిశ్రమలు తమకు కావలసిన కలపను రైతుల ద్వారా పెంచుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం సూచించింది. భద్రాచలం దగ్గరి సారపాక మిల్లు మేలైన జామాయిల్ క్లోన్ మొక్కలను రైతులకు అందించింది. కోస్తా జిల్లాల్లో సుబాబుల్, సరుగుడు తోటలు పెరిగాయి. తమిళనాడు ప్రభుత్వ సంస్థ చెరకు పిప్పితో కాగితం తీసింది. చాలా మిల్లులకు పాత కాగితమే ముడిసరుకు. నాటిన తోట కోతకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది కనుక, రైతుకు ధర మీద భరోసా ఉంటేనే మిల్లుకు కలప నిలకడగా అందుతుంది.