సభలో నిలిపిన యంత్రసేవకుడు



బడిపంతులుగా బ్రదుకు గడపి విశ్రాంతి గొన్న నాబోటివాడు యంత్రములనుగూర్చి ప్రసంగింపబూనుట కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును. కాని యీ విషయమున నేను స్వయముగా చేయి కాల్చుకొన్నవాడను. ఆ సంగతి చెప్పుటకే వచ్చితిని.

నాయొద్ద చదువుకొన్నవారు కొందఱు హైదరాబాదునను, బెంగుళూరునను, అమెరికాలోను ఉద్యోగములు చేయుచు, పద్యరచనాభ్యాసమునకై డిస్కార్డు అను సాధనమున నొక సభను నెలకొల్పుకొనిరి. ఆ సాధనము 2015లో వెలువడినది. అందు ఒక్కొక్క బృందమునకు ఒక్కొక్క సర్వరుండును. దానిని పెద్ద లోగిలి యనుకొనుడు. లోపలి గదులకు ఛానెళ్లని పేరు. ఒక గదిలో సమస్యాపూరణము, ఒకదానిలో వ్యాకరణచర్చ, వేఱొకదానిలో ఇంటి కష్టసుఖములు. నన్ను సభకు పెద్దగా కూర్చుండబెట్టిరి.

క్రొత్తగా చేరువారందఱును అవే ప్రశ్నలు వేయుచుండిరి. ఉత్పలమాలకు గణములేవి? చంపకమాలకు యతి యెచ్చట? చెప్పి చెప్పి విసిగితిని. అప్పుడొక శిష్యుడు, “మాస్టారూ, ఈ పని బాటుకు అప్పగింతము” అనెను.

బాటనగా లోహపు బొమ్మ గాదు. ఎచ్చటనో యొక కంప్యూటరులో ఎడతెగక నడచు ఆజ్ఞల వరుస. అడిగినవారికి మనుష్యునివలె బదులు వ్రాయును. ఈ తలంపు క్రొత్తది గాదు. 1966లోనే అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ అను ఆచార్యుడు ‘ఎలైజా’ యను సంభాషణయంత్రమునుగూర్చి ప్రకటించియుండెను. ఎదుటివాని మాటనే త్రిప్పి ప్రశ్నగా నడుగుట తప్ప దానికేమియు తెలియదు. ఐనను జనులు దానితో మనసు విప్పి మాటలాడుట చూచి ఆయనయే నివ్వెఱపోయెను.

బాటును నిలుపుట కష్టము గాదు. డిస్కార్డువారియొద్ద దాని పేరు నమోదు చేసినచో టోకెనను నొక రహస్యాక్షరముల వరుస లభించును. అది తాళపుచెవి. ఎవ్వని చేత జిక్కునో వాడు బాటు వేసము వేసికొని సభలో దానికున్న అధికారమంతయు చెలాయింపగలడు. తరువాత ఏ గదిలో ప్రవేశింపవచ్చును, ఎవరి వ్రాతలనైన తుడువవచ్చునా యను అనుమతులు మనమే నిర్ణయింపవలయును. మా శిష్యుడు తొందరలో సర్వాధికారము నిచ్చివైచెను. నేనును సరే యంటిని. పాలేరుకు ఇనుపపెట్టె తాళముగూడ నిచ్చు గృహస్థు నేను చూడలేదు. కాని యంత్రమనగానే నాకును బుద్ధి మందగించినది.

మొదటిదినముననే అది తన మాటకు తానే బదులు చెప్పుచు, ఆ బదులునకు మఱల బదులు చెప్పుచు, గదినంతయు నింపివైచెను. బాటులు వ్రాసినదానికి బదులీయవలదను నొక్క వాక్యము చేర్చుటతో అది కుదిరినది. శిష్యుని ఇంట కరెంటు పోయినప్పుడెల్ల బాటు మూగవోవుచుండుటచే, రేయింబవళ్లు నడచు కంప్యూటరునొకదానిని నెలబాడుగకు తీసికొంటిమి.

అసలు చిక్కు పిదప వచ్చినది. గణముల పట్టికతో తృప్తిపడక, దానిని కృత్రిమమేధతో ముడిపెట్టితిమి. ఈ మేధ అపారమైన వ్రాతలనుండి నేర్చి, ఒక మాటవెనుక ఏ మాట పొసగునో గణించి వాక్యములల్లును. పొసగుట వేఱు, నిజమగుట వేఱు. ఒక బాలుడు పోతనగారి పద్యమొకటి కోరగా, బాటు చక్కని పద్యమును వ్రాసియిచ్చెను. వాడు దానిని బడిపోటీలో చదివెను. భాగవతమున నెచ్చటను లేని పద్యమది! న్యాయనిర్ణేత నిలదీయగా వాడు, “మాస్టారి సభలో చెప్పిరి” అని బదులిచ్చెనట. ఆ మాట నాకు చెప్పునప్పుడు వాని కన్నులలో నీరు నిలిచినది.

“తప్పు యంత్రముది గదా” అని శిష్యుడు నన్నోదార్చెను. ఆ వాదము న్యాయస్థానముల యెదుటగూడ నిలువలేదు. కెనడాలో ఎయిర్ కెనడా విమానసంస్థవారి బాటు, మృతుల బంధువుల కిచ్చు ఛార్జీ తగ్గింపునుగూర్చి యొక ప్రయాణికునికి తప్పు చెప్పెను. బాటు మాటలకు తాము బాధ్యులము గామని సంస్థవారు వాదించిరి. 2024 ఫిబ్రవరిలో బ్రిటిషు కొలంబియా న్యాయమండలి ఆ వాదమును త్రోసిపుచ్చి, నష్టపరిహారము నీయుమని తీర్పుచెప్పెను.

విచారింపగా మఱియొక దోషము బయటపడినది. సభలోని మాటలన్నియు చదువుటకు బాటునకు ప్రత్యేకానుమతి కావలయును. దానిని మేము ఇచ్చియుంటిమి. కష్టసుఖముల గదిలో ఒక యాడుబిడ్డ తన తండ్రి జబ్బునుగూర్చి వ్రాసికొన్న మాటలుగూడ, ఆ మేధను నడపు పరాయి సంస్థ కంప్యూటర్లకు పోవుచుండినవి. ఆమెతో ఈ సంగతి నేనే చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు.

ఆ రాత్రియే టోకెను మార్పించితిని. సర్వాధికారమును, అన్ని మాటలు చదువు అనుమతిని తీసివేయించితిని. ఇప్పుడది ఛందస్సు గదిలో మాత్రముండును. ఆజ్ఞ పెట్టి పిలిచిననే పలుకును. మేము సరిచూచిన పట్టికలో నున్నదే చెప్పును. మేధతో ముడి విప్పివైచితిమి.

మొన్న ఆ బాలుడే యొక పద్యము వ్రాసి, ఎవరిదని అడిగెను. “నాకు తెలియదు. మాస్టారు సాయంకాలము ఆఱుగంటలకు వత్తురు” అని బాటు వ్రాసినది. ఆఱుగంటలకు వెళ్లి చూచితిని. నాకును తెలియలేదు. ఇంకను పుస్తకములు వెదకుచున్నాను.